మార్కులు కుర్రాళ్లకు కాదు, క్లబ్బుకు వేయండి

మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులకు,



ఏ సీజన్ చూసినా మన నోట్లో ఒక కుర్రాడి పేరు నానుతూ ఉంటుంది. పెద్ద జట్టు ఓడినకొద్దీ ఆ పేరు ఇంకా గట్టిగా వినబడుతుంది. అండర్-18లో అన్ని గోల్స్ కొట్టినవాణ్ని బెంచీ మీద కూడా కూర్చోబెట్టరేం అని మొదలుపెడతాం. రెండు నిమిషాల వీడియో చూసి రేపటి రూనీ వీడేనని తేల్చేస్తాం. రెండేళ్లు తిరక్కుండానే, అబ్బే, వీడి వల్ల కాదని కొట్టిపారేస్తాం. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తాతల నాటి నుంచి సీజన్ టికెట్ ఉన్న కుటుంబాలైనా, హైదరాబాద్‌లోనో విశాఖలోనో అర్ధరాత్రి దాకా మేలుకుని మ్యాచ్ చూసేవాళ్లైనా ఈ విషయంలో ఒక్కటే. అందుకే ఈ లేఖ అందరికీ కలిపి రాస్తున్నాను. చెప్పదలచుకున్నది ఒక్కటే. అకాడమీ కుర్రాళ్లకు మార్కులు వేయడం మనకు చేతకాని పని. ఆ మాటకొస్తే ఎవరికీ సరిగ్గా చేతకాని పని. మనకు చేతనై కూడా చేయని పని మరొకటుంది. ఆ కుర్రాళ్లు పెద్ద జట్టులోకి రావడానికి క్లబ్బు ఎలాంటి దారి వేసిందో చూసి, ఆ దారికి మార్కులు వేయడం.

చేతకాదని ఎందుకంటున్నానో చూపడానికి 2011 ఎఫ్ఏ యూత్ కప్ ఫైనల్ చాలు. ప్రత్యర్థి షెఫీల్డ్ యునైటెడ్. వాళ్ల మైదానంలో 2-2, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 4-1, మొత్తం 6-3తో కప్పు మనదే. రెండో మ్యాచ్‌లో మన నాలుగు గోల్స్‌లో రెండు రావెల్ మోరిసన్‌వి, రెండు విల్ కీన్‌వి. ఆ రాత్రి స్టేడియంలో ఎవరినైనా ఆపి ఈ పిల్లల్లో ఎవరు పైకొస్తారని అడిగి ఉంటే మొదట వచ్చే పేరు మోరిసన్‌దే. బంతి మీద అతని పట్టు అలాంటిది. ఏడాది కాకముందే, 2012 జనవరిలో, అతన్ని వెస్ట్‌హామ్‌కు పంపేశారు. అక్కడి నుంచి దేశదేశాల క్లబ్బులు మారాడు గానీ ఏ ఒక్క చోటా నిలదొక్కుకోలేదు. విల్ కీన్‌కు 2012లో మోకాలి గాయమైంది, పెద్ద జట్టులో స్థిరమైన చోటు దక్కకుండానే వెళ్లిపోయాడు. అతని కవల సోదరుడు మైఖేల్ కీన్ కూడా మన అకాడమీలోనే పెరిగాడు. అభిమానుల కళ్లు ఎప్పుడూ గోల్స్ కొట్టే విల్ మీదే ఉండేవి. ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు ఆడింది మాత్రం డిఫెండర్ మైఖేల్. ఒకే తల్లి పిల్లలు, ఒకే ఏడాది పుట్టారు, ఒకే కోచ్‌ల దగ్గర నేర్చుకున్నారు. అయినా మన జోస్యం తప్పింది. ఆ జట్టులోనే ఉన్న చిన్న శరీరపు జెస్సీ లింగార్డ్‌ను అప్పట్లో పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. లెస్టర్, బర్మింగ్‌హామ్, బ్రైటన్, డర్బీలకు లోన్ మీద తిరిగొచ్చి, 2016 ఎఫ్ఏ కప్ ఫైనల్లో గెలుపు గోల్ కొట్టింది అతనే. పాల్ పోగ్బా సంగతి అందరికీ తెలిసిందే. 2012లో బదిలీ రుసుము లేకుండా వదులుకున్నాం, 2016లో 8.9 కోట్ల పౌండ్లు పోసి తిరిగి కొనుక్కున్నాం. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, ఆ ఫైనల్లో ఓడిన షెఫీల్డ్ జట్టు డిఫెన్స్‌లో హ్యారీ మగ్వైర్ అనే కుర్రాడు ఉన్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 2019లో, అతని కోసం మనం 8 కోట్ల పౌండ్లు చెల్లించాం. ఆ రాత్రి వాళ్ల డిఫెండర్ వైపు కన్నెత్తి చూసినవాళ్లు మనలో ఎందరు?

అదొక్క బ్యాచ్ తంతు అనుకుంటే ఇంకా వెనక్కి వెళ్దాం. ‘92 బ్యాచ్’ కథ మనం కంఠతా పట్టాం. అందులో చెప్పుకోని భాగం ఒకటుంది. 1992లో యూత్ కప్ గెలిచిన జట్టు ఫైనల్లో పాల్ స్కోల్స్ లేడు, ఫిల్ నెవిల్ లేడు. వాళ్లిద్దరూ ఆడింది 1993 ఫైనల్. బెక్హామ్, బట్, గ్యారీ నెవిల్ కూడా పక్కనే ఉన్నారు. ఆ ఫైనల్ మనం ఓడిపోయాం. లీడ్స్ కుర్రాళ్లు రెండు మ్యాచ్‌లూ గెలిచి, మొత్తం 4-1తో కప్పు పట్టుకుపోయారు. ఆ ఏడాది ఆ రెండు మ్యాచ్‌లు చూసి భవిష్యత్తు చెప్పమంటే బుద్ధున్నవాడెవడైనా లీడ్స్ వైపే చూపించేవాడు. గెలిచిన లీడ్స్ కుర్రాళ్లలో చాలామంది కింది డివిజన్లలో కాలం గడిపారు. ఓడినవాళ్లు ఆరేళ్ల తర్వాత యూరప్ చాంపియన్లయ్యారు.

మన కన్ను ఎందుకు పొరబడుతుంది? ‘పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది’ అన్న సామెత మన బుర్రలో బలంగా నాటుకుపోయింది. ఫుట్‌బాల్ అకాడమీలో ఆ సామెత పనిచేయదు. కారణాల్లో మొదటిది ఒంటికి సంబంధించినది. ఇంగ్లండ్‌లో వయసు విభాగాలను సెప్టెంబరు 1 నుంచి లెక్కగడతారు. సెప్టెంబరులో పుట్టినవాడూ, మరుసటి ఆగస్టులో పుట్టినవాడూ ఒకే జట్టులో ఆడతారు. పన్నెండేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే కొన్ని అంగుళాల ఎత్తు, ఒక అడుగు వేగం. అందుకే అకాడమీల్లో సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో పుట్టిన పిల్లలు దామాషాకు మించి కనిపిస్తారని ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. దానికి తోడు కొందరికి పద్నాలుగుకే మీసం వస్తుంది, కొందరికి ఆ వయసు దాటినా గొంతు కూడా మారదు. ముందే ఎదిగినవాడు తోటివాళ్లను భుజంతో తోసి, పరుగుతో దాటి గోల్ కొడతాడు. మనకు అది ప్రతిభలా కనిపిస్తుంది. ఇరవై ఏళ్లకు మిగతావాళ్లూ ఎదిగేసరికి ఆ తేడా ఆవిరైపోతుంది. స్కాట్ మెక్‌టామినేనే తీసుకోండి. చిన్నతనం నుంచీ మన అకాడమీలోనే ఉన్నాడు. టీనేజీలో చాలా ఏళ్లు పొట్టిగా ఉండటం, ఆ తర్వాత ఒక్కసారిగా ఎత్తు పెరిగి గాయాల పాలవడంతో అండర్-18 జట్టులోనే సరిగా ఆడలేదు. ఆ వయసులో అతని వీడియో ఎవరూ చూసి ఉండరు, ఎందుకంటే తీయడానికి ఏమీ లేదు. 2024-25లో నాపోలీని ఇటలీ చాంపియన్‌గా నిలిపి, ఆ లీగ్‌లో ఉత్తమ ఆటగాడిగా ఎంపికైంది అతనే.

రెండో కారణం, మనం చూసే గోల్స్ లెక్క. 2023 నవంబరులో ఆర్సెనల్ అండర్-16 జట్టు లివర్‌పూల్‌పై 14-3తో గెలిచింది. అందులో పది గోల్స్ ఒక్క చీడో ఓబీవే. ఏడాది తిరక్కుండా అతను మన క్లబ్బుకు వచ్చాడు. 2025 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లో దిగే నాటికే మనవాళ్లు అతని నెత్తిన తొమ్మిదో నంబర్ పెట్టేశారు. ఆ పది గోల్స్‌లోని కష్టాన్ని తీసిపారేయడం లేదు. కానీ 14-3 అనే స్కోరు మొదట చెప్పేది అవతలి జట్టు సంగతి. ఆ రోజు ఎదురుగా ఉన్న డిఫెన్స్ కుప్పకూలిపోయింది. అలాంటి మ్యాచ్‌లో ఆరో గోల్, ఎనిమిదో గోల్ చూసి స్ట్రైకర్ గురించి తెలుసుకునేది దాదాపు ఏమీ ఉండదు. వాన్ డైక్‌లాంటి డిఫెండర్ వీపుకు ఆనుకుని నిలబడితే బంతిని ఎలా ఆపుకుంటాడు, డెబ్బై నిమిషాల దాకా బంతే అందకపోతే ఏం చేస్తాడు, గోల్ తప్పిన మరుక్షణం ఎటు పరిగెడతాడు? స్ట్రైకర్‌ను తేల్చేవి ఈ ప్రశ్నలు. వీటికి జవాబు ఏ అండర్-16 వీడియోలోనూ దొరకదు. ఓబీ రేపు గొప్పవాడు కావచ్చు, కాకపోవచ్చు. ఆ పది గోల్స్‌కు ఆ రెండింటితోనూ సంబంధం లేదని మాత్రమే నా మాట.

మూడోది అదృష్టం. దీని గురించి మాట్లాడటానికి మనకు మొహమాటం, ప్రతిభను కించపరిచినట్టు ఉంటుందని కాబోలు. 2016 ఫిబ్రవరి చివరి వారాన్ని గుర్తు చేసుకోండి. వేన్ రూనీకి గాయం. హల్‌పై తొలి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టి ఒకప్పుడు మనందరినీ ఊరించిన జేమ్స్ విల్సన్ బ్రైటన్‌లో లోన్ మీద ఉన్నాడు. సోమవారం ష్రూస్‌బరీతో కప్ మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన విల్ కీన్ కూడా గాయపడ్డాడు. అవును, 2011 ఫైనల్లో రెండు గోల్స్ కొట్టిన ఆ విల్ కీనే. గురువారం మిట్యులాండ్‌తో మ్యాచ్‌కు ముందు వార్మప్‌లో ఆంతొనీ మార్షియల్‌కు కండరం పట్టేసింది. ఇక మిగిలినవాడు పద్దెనిమిదేళ్ల మార్కస్ రాష్‌ఫర్డ్. ఆ రాత్రి రెండు గోల్స్ కొట్టాడు, ఆదివారం ఆర్సెనల్‌పై మరో రెండు కొట్టాడు. తలుపు తెరుచుకున్నప్పుడు లోపలికి దూకగలగడం అతని గొప్పతనమే, కాదనను. కానీ తలుపు తెరవడానికి నలుగురు స్ట్రైకర్లు ఒకేసారి లేకుండా పోవాల్సి వచ్చింది. అంత అవసరం పడకపోయి ఉంటే అతన్ని ఏ కింది డివిజన్ క్లబ్బుకో లోన్ మీద పంపి ఉండేవారు. మనం ఈపాటికి పేరు కూడా మర్చిపోయేవాళ్లమేమో.

ఇక్కడ మీలో కొందరు గట్టి అభ్యంతరమే చెబుతారు. జీతాలు తీసుకునే కోచ్‌లు, స్కౌట్‌లు మాత్రం తప్పులు చేయడం లేదా, వాళ్ల కన్నుకంటే మన కన్ను ఎందులో తీసిపోయిందని. నిజమే, చేస్తున్నారు, మనకంటే ఖరీదైన తప్పులు. హ్యారీ కేన్‌ను ఎనిమిదేళ్ల వయసులోనే ఆర్సెనల్ వదిలేసింది. జూలై చివర్లో పుట్టిన పిల్లాడు, అంటే తన బ్యాచ్‌లో దాదాపు అందరికంటే చిన్నవాడు. డెక్లాన్ రైస్‌ను పద్నాలుగేళ్లకు చెల్సీ పంపించేసింది. ఎబెరెచీ ఎజేను పదమూడేళ్లకు ఆర్సెనల్ వదిలేస్తే, ఫుల్‌హామ్, రీడింగ్, మిల్‌వాల్ కూడా తిప్పి పంపాయి. 2025లో అదే ఆర్సెనల్ అతని కోసం 6 కోట్ల పౌండ్లకు పైగా పెట్టింది. ఈ చిట్టాతో మీరు కోచ్‌లను దెప్పుతున్నారు. నాకు మాత్రం ఇందులో మరో సంగతి కనిపిస్తోంది. రోజూ ప్రాక్టీసులో పక్కన నిలబడి, ఎముకల ఎదుగుదల కొలిచి, ఇంట్లో పరిస్థితులు కూడా తెలుసుకుని చూసేవాళ్లకే పద్నాలుగేళ్ల కుర్రాడు అంతుపట్టకపోతే, ఏడువేల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఎడిట్ చేసిన ముక్కలు చూసేవాళ్లకు ఎలా అంతుపడతాడు? ప్రీమియర్ లీగ్ క్లబ్బులు కొన్ని టోర్నీల్లో పిల్లలను పుట్టిన తేదీని బట్టి కాకుండా శరీర పరిపక్వతను బట్టి జట్లుగా విడదీసి ఆడించే ప్రయోగాలు చేశాయంటే, తమ కన్నును తామే నమ్మలేక చేసినవే. వాళ్లకు ఆ అనుమానమైనా ఉంది, మనకు అదీ లేదు.

మరో అభ్యంతరం మెత్తనిది. ఇదంతా ప్రేమే కదా, ఓ కుర్రాడి మీద ఆశ పెట్టుకుంటే ఎవరికేం నష్టం అంటారు. పెద్దవాళ్ల మీద పెట్టుకుంటే నష్టం లేదు. ఇప్పుడు మనవాళ్లు చర్చించుకుంటున్న పేర్లలో కొన్ని పదిహేనేళ్లు కూడా నిండని పిల్లలవి. అందుకే వాళ్ల పేర్లు ఈ లేఖలో రాయడం లేదు. మీరు వెంటనే ఊహించుకోగలిగారంటే నా మాట రుజువైనట్టే. ఇంగ్లండ్‌లో పదహారేళ్లకు స్కాలర్‌షిప్, పదిహేడు నిండితేనే ప్రొఫెషనల్ కాంట్రాక్టు. అంతకు ముందే లక్షల మంది నోళ్లలో పడ్డ పిల్లాడికి, ఫోన్ తెరిస్తే కనిపించే పొగడ్తలనూ తిట్లనూ ఎవరు వడగట్టి ఇస్తారు? జేమ్స్ విల్సన్‌కు పద్దెనిమిదేళ్ల వయసులో ఒక్క రాత్రి పడ్డ ముద్ర ఆ తర్వాత ప్రతి లోన్‌లోనూ వెంటాడింది. కింది డివిజన్లలో ఆడుకుంటూ బతకడం ఒక ఫుట్‌బాలర్‌కు గౌరవమైన జీవితమే. దాన్ని పతనమని పేరు పెట్టింది మనం, ఎందుకంటే మన జోస్యం తప్పింది.

ఇంతకీ దారికి మార్కులు వేయడమంటే ఏమిటి? మనం గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకునే రికార్డుతోనే మొదలుపెడదాం. 1937 అక్టోబరు నుంచి నేటి దాకా మన ప్రతి మ్యాచ్ జట్టులోనూ అకాడమీ నుంచి వచ్చిన ఆటగాడు కనీసం ఒకడైనా ఉన్నాడు. 2019 డిసెంబరులో ఎవర్టన్‌తో ఆడినప్పుడు అది 4,000 మ్యాచ్‌లకు చేరింది. ఇంగ్లండ్‌లో ఇలా చెప్పుకోగల క్లబ్బు మరొకటి లేదు. నాకూ గర్వమే. కానీ ఒక కుర్రాణ్ని బెంచీ చివర కూర్చోబెట్టి తొంభై నిమిషాలూ దింపకపోయినా ఆ లెక్క నిలుస్తుంది. రికార్డు బతకడానికి పేరుంటే చాలు, కుర్రాడు బతకడానికి నిమిషాలు కావాలి. కాబట్టి మనం అడగాల్సింది నిమిషాలు: ఈ సీజన్లో ఇరవై ఒక్క ఏళ్ల లోపు అకాడమీ ఆటగాళ్లు పెద్ద జట్టుకు ఎన్ని నిమిషాలు ఆడారు, నిరుటి కంటే పెరిగాయా? లోన్ మీద పంపినవాడు అక్కడ నిజంగా ఆడుతున్నాడా, లేక ఇక్కడి బెంచీ మీంచి అక్కడి బెంచీ మీదకు మారాడా? అతని స్థానంలో ఆడే మరొకణ్ని కొనే ముందు అతనికి అవకాశం ఇచ్చి చూశారా? వీటికి జవాబులు బహిరంగంగా దొరుకుతాయి, లెక్క వేయడానికి స్కౌట్ కన్ను అక్కర్లేదు.

ఆ లెక్కల్లో అతి ముఖ్యమైనది డబ్బు లెక్క, మనం అతి తక్కువ పట్టించుకునేదీ అదే. కొన్న ఆటగాడి ధరను క్లబ్బు పుస్తకాల్లో కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి ఖర్చు రాస్తారు. అకాడమీ కుర్రాడిని కొనలేదు గనుక, అమ్మితే వచ్చిందంతా ఆ ఏడాదే లాభం కింద పడుతుంది. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదన్న ప్రీమియర్ లీగ్ నిబంధన మెడ మీద ఉన్న రోజుల్లో, ఆ లాభం ఎంత తియ్యగా ఉండేదో వేరే చెప్పాలా? 2024 జూన్ నెలాఖరులో, లెక్కలు మూసే గడువు దగ్గరపడ్డ వేళ, న్యూకాజిల్ తన సొంత కుర్రాడు ఎలియట్ ఆండర్సన్‌ను నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు అమ్ముకుంది. ఆటకు పనికిరాడని ఎవరూ అనలేదు, పద్దు కుదరాలి, అంతే. అతను ఇప్పుడు ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్. అదే వేసవిలో చెల్సీ కానర్ గాలగర్‌ను అమ్మింది, మనం మెక్‌టామినేను సుమారు 2.5 కోట్ల పౌండ్లకు నాపోలీకి ఇచ్చాం. మరుసటి మే నెలలో అతను అక్కడ కప్పు ఎత్తాడు. ఇన్నాళ్లూ ‘మెక్‌టామినే పెద్ద జట్టు స్థాయి ఆటగాడేనా’ అని కొట్టుకు చచ్చాం. అతన్ని అమ్మడానికి ఆటే కారణమా, పద్దే కారణమా అని అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నిబంధనలు మారుతూ ఉంటాయి. మారినప్పుడల్లా సొంత కుర్రాడిని అమ్ముకోవడం లాభమా, ఉంచుకోవడం లాభమా అన్నది మొదట మనం చదవాల్సిన వాక్యం.

వదిలేసిన పిల్లల సంగతి కూడా దారిలో భాగమే. తొమ్మిదేళ్లకు చేరి, స్కూలు తర్వాత ప్రతి సాయంత్రం మైదానంలోనే గడిపి, పద్దెనిమిదికి చేతిలో కాంట్రాక్టు లేకుండా బయటికొచ్చేవాళ్లే ఎక్కువ. క్రిస్టల్ ప్యాలెస్ 2021లో, అకాడమీ నుంచి వెళ్లిపోయిన యువకులకు మూడేళ్ల పాటు తోడ్పాటు ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. మనకంటే బాగా చిన్న క్లబ్బు. ఏటా మన అకాడమీ నుంచి బయటికి వెళ్లినవాళ్లు రెండేళ్ల తర్వాత ఎక్కడున్నారని ఏ అభిమాన సంఘమైనా మన క్లబ్బును అడిగిందా?

ఒక్క విషయంలో మాత్రం మీతో వాదించను. అభిమానుల కేకలు లేకపోతే క్లబ్బు కుర్రాళ్లకు చోటే ఇవ్వదు అంటారు కొందరు. అందులో నిజముంది. 2022 యూత్ కప్ ఫైనల్‌కు ఓల్డ్ ట్రాఫర్డ్‌కు 67,492 మంది వచ్చారు. ఆ టోర్నీ చరిత్రలో అంతమంది ఎప్పుడూ రాలేదు. అలెహాంద్రో గర్నాచో రెండు గోల్స్‌తో మెరిసిన ఆ రాత్రి పక్కన నిశ్శబ్దంగా ఆడిన కోబీ మైనూను గమనించినవాళ్లు తక్కువ. రెండేళ్ల తర్వాత మాంచెస్టర్ సిటీతో ఎఫ్ఏ కప్ ఫైనల్లో ఇద్దరూ చెరో గోల్ కొట్టారు. ఆ వేసవిలోనే యూరో ఫైనల్లో ఇంగ్లండ్ మొదటి పదకొండు మందిలో ఉన్నది మైనూ. గర్నాచోను 2025లో చెల్సీకి అమ్మేశారు. అరవై ఏడు వేల మంది రావడం క్లబ్బుకు ఒక సందేశం, మాకు ఈ పిల్లలు కావాలని. అలాంటి ఒత్తిడి ఎంత పెడితే అంత మంచిది. అది డైరెక్టర్ల గదికి చేరాలి, పిల్లాడి ఫోన్‌కు కాదు.

కాబట్టి అభిమాన సంఘాలకు నా విజ్ఞప్తి. సీజన్ ముగిశాక మీరు తయారుచేసే ‘రేపటి తారలు’ జాబితా ఈసారి పక్కన పెట్టండి. దాని బదులు ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసి క్లబ్బుకు పంపండి: అకాడమీ కుర్రాళ్లు ఆడిన నిమిషాలెన్ని, లోన్‌కు వెళ్లినవాళ్లు ఆడిన నిమిషాలెన్ని, అమ్మినవాళ్లలో పద్దు కోసం అమ్మినవాళ్లెందరు, వదిలేసినవాళ్లకు ఇచ్చిన ఆసరా ఏమిటి. జవాబు రాకపోతే ఆ సంగతే నలుగురికీ చెప్పండి. మీరంతా ఇప్పుడు మురిసిపోతున్న ఆ పదిహేనేళ్ల కుర్రాడిని మాత్రం ఇంకో నాలుగేళ్లు వదిలేయండి.

ఇట్లు,
మీ తోటి అభిమాని